నెత్తి మీద నాటు

ఆపరేషన్ తర్వాత కోరుట్లలో బామ్మర్ది మధుకర్ ఇంట్లో ఐలయ్య. సిరిసిల్ల నుంచి అక్కడికే బయల్దేరిన భార్య ఇంద్రమ్మ బస్సులో. ఇద్దరూ ఫోన్‌లో.

“మీ తమ్ముడు మధుకర్‌గాడు నన్ను నిండ ముంచిండే ఇంద్రా!”

“ఏమైంది? నాటిన ఎంటికలు ఊడినయా?”

“థూ, నీ నోట్ల మన్నువడ! ఊడలే. జొన్నలు అతికిచ్చినట్టు ఎర్రగ మంచిగనే ఉన్నయ్.”

“మరెందుకు మొత్తుకుంటున్నవ్?”

“బండి మీద జగిత్యాలకు తీస్కపోయిండు. హెల్మెట్ పెట్టద్దు, దవాఖానల ఇచ్చిన వదులు టోపీ ఒక్కటే పెట్టుమన్నడు గద డాక్టర్. పోలీసాయన ఆపిండు. మీ తమ్ముడు నా టోపీ ఎత్తి చూపిచ్చిండు, నడి బజార్ల!”

“ఫైన్ రాసిండా?”

“ఏడ రాసిండు! ఆయనకూ బట్టతలే. ‘ఎక్కడ చేయిచ్చుకున్నవన్నా’ అని దవాఖాన నంబరు రాసుకున్నడు.”

“హ్హహ్హ!”

“నవ్వకు. ఇక్కడ పక్కింటి పోశవ్వ గీ టోపీ చూసి నన్ను డాక్టరనుకున్నది. రోజూ వచ్చి మోకాలు చూపిస్తది.”

“నువ్వేమన్నవ్?”

“ఏమంట? నువ్వుల నూనె రాయుమన్న. తగ్గిందట.”

“అయితే అక్కన్నే ఉండు. సాంచల మగ్గాల కాడ నూలు దుమ్ము తినుడు తప్పుతది.”

“పరాచికాలా?”

“అయ్యా, ఒక మాట. కోపం జెయ్యవు గద?”

“చెప్పు.”

“నిన్ను ఆపరేషన్ రూములకు తోల్కపోంగ నాకు భయమైంది. రాజన్నకు మొక్కిన.”

“మంచిదే. వేములవాడ పోయి గుళ్ల కోడెను కట్టి మొక్కు తీరుద్దాం.”

“కోడె గాదు.”

“మరి?”

“తల నీలాలు.”

“ఎవలయి?”

“నీయే.”

“పిస లేసిందా నీకు?”

“భయానికి నోట్లకెళ్లి గదే అచ్చింది. జరమొచ్చినా గదే మొక్కుతం గద మనం.”

“మేడిపల్లి కాడి రెండు గుంటల భూమి అమ్మి నెత్తి మీద నాటు పెట్టిచ్చుకుంటి. మొలవక ముందే కోతనా?”

“అరువకు, పోశవ్వ ఇంటది.”

“ఇననీ! రేషన్ దుకాణంల అందరి ముంగట ‘మీ నాయననా’ అని నన్ను చూపిచ్చి నిన్ను అడిగిరి. గా దినం బువ్వ తిన్ననా నేను?”

“తినలే.”

“కత్తి పెట్టనియ్య. ఏడాది ఆగుమను రాజన్నను.”

“మొక్కు ఆపుతరా? నాకు నిద్ర పడ్తలేదు. అందుకే...”

“అందుకే? ఎక్కడున్నవ్ నువ్వు?”

“కథలాపూర్ దాటిన. నడుమ వేములవాడల దిగిన.”

“నేను లేంది మొక్కెట్ల తీర్తది?”

“మొక్కింది నేను గద.”

“ఇంద్రా... ఏం జేసినవే?”

“బస్టాండుకు రా. అచ్చెటప్పుడు గసొంటి టోపీ ఇంకోటి పట్టుకరా. నా నెత్తి నున్నగయింది, కొంగు నిలుస్తలేదు.”