శవం వేషానికి మెప్పు

కలకత్తాలో ఆదివారం ఉదయం. భార్య చేపల పులుసుకి ఆవాలు నూరుతోంది. భర్త తన బ్లాగు చూసుకుంటున్నాడు.

"నిన్నటి సినిమా గురించి ఏం రాశారు?"

"ఉన్నమాటే. మొత్తం సినిమాలో శవం ఒక్కటే సహజంగా నటించిందని."

"ఆ శవం మా బుబాయ్."

"మీ తమ్ముడా? పోలీసు వేషమన్నావుగా?"

"కాల్పుల్లో పోయే పోలీసు. అప్పుడు మీరు గురక పెడుతున్నారు."

"నేను లేచేసరికి ముఖం మీద గుడ్డ కప్పేశారు. నాకెలా తెలుస్తుంది?"

"రాజకీయాలు రాసుకోండి, అందులో మన చుట్టాలెవరూ లేరు అంటే విన్నారా? వాడిప్పుడు ఇలీశ్ చేప పట్టుకుని వస్తున్నాడు."

"పోట్లాటకా?"

"మీ కాళ్లకి దండం పెట్టడానికి. పదేళ్లలో వాణ్ణి మెచ్చుకున్నది మీరొక్కరేనట."

"అమ్మయ్య."

"బావగారి మాటే చాలని బ్యాంకు ఉద్యోగం మానేశాడు. ఇక పూర్తిగా నటనేనట. మన ముందు గదిలో ఉంటాడు."

"ఎన్నాళ్లు?"

"మాటలున్న వేషం దొరికేదాకా."

భర్త లేచి వెళ్లి, ముందు గదిలోంచి తన పుస్తకాలు ఒక్కొక్కటే బయటికి మోయడం మొదలుపెట్టాడు.