మా షాపు పిల్ల

పోనీ, తిట్టు! తిట్టవే తల్లీ. ఐసెలిన్‌లో కారెక్కినప్పట్నుంచీ చూస్తున్నా, నా మొహం వంక చూడవు. నేనేదో నీ గొంతు కోసినట్టు అందరూ నన్నే అంటున్నారు. గుళ్లో కూడా నిన్న ఒక్కరూ పలకరించలా. నేనేం చేశానట? పదిమందిలో నిన్ను మెచ్చుకున్నా. అదీ తప్పేనా?

సీట్ బెల్ట్ పెట్టుకో. పోలీసు ఆపడం ఒక్కటే తక్కువ ఇవాళ.

పదిన్నరకి కదా రమ్మంది, యూనివర్సిటీలో ఆ ఇంటర్నేషనల్ ఆఫీసావిడ? టైముందిలే. పిస్కాటవే ఎంతసేపు! ఆ మెయిల్ మళ్లీ మళ్లీ చదవకు రేష్మా. నేనూ మీ అంకుల్‌ చేత రెండుసార్లు చదివించుకున్నా. మీ ఉద్యోగం సంగతి మాట్లాడాలి, కాయితాలన్నీ పట్టుకురండి, అంతేగా? మర్యాదగానే రాసింది. ఆ మర్యాద చూస్తేనే నాకు అనుమానం.

నీకు చెప్పలేదు కానీ, శుక్రవారం షాపుకి ఫోనొచ్చింది. ఎవడో మగమనిషి, ఇంగ్లీషులో. రేష్మ ఇవాళ షిఫ్టులో ఉందా అన్నాడు. లేదన్నా. రేపుంటుందా అన్నాడు. పెట్టేశా. నెంబరు కూడా పడలేదు.

మర్నాడు ఒకతను వచ్చాడు. చీరల షాపుకి మగాడు ఒక్కడే వస్తే ఎవరికోసమండీ అని అడుగుతాం కదా, అడిగా. ఊరికే చూస్తున్నానన్నాడు. ఒక్క చీర వంక చూస్తే ఒట్టు! కౌంటర్ వెనక దీపావళి ఫోటో ఉంటుందే, నువ్వు మెళ్లో టేపు వేసుకుని నా పక్కన నిలబడ్డది, దాని వంకే చూశాడు. ఫోన్ తీసి దాన్ని ఫోటో తీసుకున్నాడు కూడా. అతను వెళ్లగానే గోడమీంచి తీసేశాలే.

అసలంతా ఆ ఫంక్షన్ వల్ల వచ్చింది. మామూలు గ్రాడ్యుయేషన్ చాలదూ? నల్లగౌను, టోపీ, ఫోటో, అయిపోయింది. మళ్లీ మనవాళ్లకి విడిగా హెరిటేజ్ గ్రాడ్యుయేషనట! పంచెలు, పట్టుచీరలు. పేరుపేరునా పిలుస్తారట, ఇంటి పెద్ద స్టేజెక్కి మెళ్లో కండువా వేయాలట. అమ్మానాన్న రాలేనివాళ్లు, ఇక్కడ తమ పెద్దదిక్కెవరో ముందే పేరు రాసివ్వాలట.

మీ నాన్నగారా, పోయి ఏడాది దాటింది. మీ అమ్మకి వీసా ఇవ్వలా, ఖమ్మంలో కూర్చుని లైవ్‌లో చూసింది. ఇంకెవరున్నారే నీకిక్కడ? రెండేళ్లు నా పక్కన నిలబడి చీరలు మడతపెట్టావు. ఆ కండువా మంగళగిరి పట్టు, మా షాపుదే. అంచు నేనే కూర్చుని కుట్టా. పిలుస్తావనే కదా ముందువరసలో కూర్చున్నా, మీ అంకుల్ చేతికి ఫోనిచ్చి వీడియో తియ్యమని?

"చాముండేశ్వరి ఆంటీని వేదిక మీదకి ఆహ్వానిస్తున్నాం" అన్నాడు మైకులో, పేర్లు పిలుస్తున్న ఆ అక్షయ్.

సగం లేచా. చూశావా నువ్వు? సగం లేచి మళ్లీ కూర్చున్నా. నా వెనక ఎవరో నవ్వారు.

నీకు బేస్‌మెంట్ అద్దెకిచ్చిన మనిషి ఆవిడ! నీకు పెద్దదిక్కా? నేనేమైపోయా?

సరే, చివర్లో పెద్దలెవరైనా రెండుమాటలు చెప్పండని మైకు కిందికి పంపారు. అందుకున్నా. "ఈ రేష్మ మా షాపు పిల్ల! రెండేళ్లు, క్లాసులయ్యాక రోజూ, శని ఆదివారాలు పొద్దస్తమానం మా షాపులోనే పనిచేసి చదువుకుంది, మా ఇంటి పిల్ల!" అన్నా. పెద్దవాళ్లంతా చప్పట్లు కొట్టారు. స్టూడెంట్లే, ఒక్కొక్కళ్లు తలలు దించుకున్నారు. నీ మొహంలో నవ్వు అలాగే ఉంది కానీ, రంగు పోయింది.

ఎఫ్-వన్ మీద, అదే, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు బయట పనిచేయకూడదని ఓక్‌ట్రీ రోడ్డులో చిన్నపిల్లనడిగినా చెబుతుంది. చేస్తారు, చేయించుకుంటాం. ఎవరైనా అడిగితే మా చుట్టాలమ్మాయి, ఊరికే వచ్చి కూర్చుందంటాం. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

నేను అన్నా. అదీ లైవ్‌లో.

ఆ ముక్క వరకూ కత్తిరించి ఎవడు పెట్టాడో, నీ పేరూ యూనివర్సిటీ పేరూ వేసి మరీ పెట్టాడు. వేలమంది చూశారట. కింద ఏం రాశార్రా అని మా అబ్బాయి నీరజ్‌ని అడిగితే, నీకెందుకమ్మా అని ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. నేపర్‌విల్‌లో ఉద్యోగం, జూలైలో జాయినింగ్, ఇంకా వర్క్ కార్డే చేతికి రాలేదు నీకు... ఇప్పుడది వస్తుందో, వెళ్లిపొమ్మంటారో ఆ ఆఫీసావిడ నోట్లో ఉంది.

పాపం నోరు జారిందంటున్నారు నా గురించి. నువ్వూ అదే అనుకుంటున్నావా?

జారలేదే.

తెలిసే అన్నా. ఆవిడ నీ మెళ్లో కండువా వేస్తుంటే, నువ్వు వంగి ఆవిడ కాళ్లకి దణ్ణం పెడుతుంటే, నా ఒళ్లు మండిపోయింది. ఈ పిల్ల ఎవరి తిండి తిని చదివిందో అందరికీ తెలియాలి అనుకున్నా. మైకు పట్టుకున్నప్పుడు లైవ్ సంగతీ గుర్తుంది, నీ వీసా సంగతీ గుర్తుంది. అయినా అన్నా.

ఆవిణ్ణెందుకు పిలిచావో కూడా నాకు తెలుసులే. మీ నాన్న పోయిన కబురొచ్చినప్పుడు, వెళ్తే మళ్లీ రానిస్తారో లేదోనని ఆగిపోయావు చూడు, మూడురోజులు నీ పక్కన కూర్చుంది ఆవిడ. నేను ఫోన్ చేశాను. పెళ్లిళ్ల సీజన్, శనివారం ఒక్కరోజు వచ్చిపోవే అన్నాను. వచ్చావు కూడా. ఏడ్చిన కళ్లతో చీరలు చూపించావు.

ఇదిగో, వచ్చేశాం. ఆ ఎర్రబిల్డింగే కదా? లేదు, ముందుకి తీసుకెళ్లను. ఈ చివరే దిగు.

ఆగు. లోపల ఎలాగూ నీకు తెలుస్తుంది, నా నోటితోనే విను. నిన్న గుడి నుంచి వచ్చాక మా లాయరు ఇంటికొచ్చాడు. పర్మిట్ ఉందని అబద్ధం చెప్పి నువ్వే మా దగ్గర చేరావనీ, మేం నమ్మి మోసపోయామనీ మీ యూనివర్సిటీకి పంపే కాయితం రాశాడు. మీ అంకుల్ చదివి తల పక్కకి తిప్పుకున్నారు. షాపు నా పేరున ఉందిగా.

సంతకం పెట్టాను. ఇంకేం చెయ్యమంటావు? నీతో కలిసి ఎవరికీ కనపడొద్దన్నాడు, అందుకే ఇంత దూరంలో ఆపా. దిగమ్మా, టైమవుతోంది.