వెయ్యిమందిలో ఒకడు

నేరపరిశోధన ల్యాబులో పనిచేసే కోడలు ఆ ఉదయం కోర్టులో సాక్ష్యం చెప్పాలి. అత్తగారు ఆమె కోటుకు ఊడిన గుండీ కుడుతోంది.

"మీరే జడ్జి అనుకోండి, అత్తయ్యా. దొంగలు పడ్డ ఇంట్లో దొరికిన బూటు ముద్ర ఈ ముద్దాయి బూటుతో సరిపోయింది. అలాంటి బూటు వెయ్యిమందిలో ఒకరికే ఉంటుంది. కాబట్టి ఇతను దొంగ కాకపోయే అవకాశం వెయ్యిలో ఒక వంతే."

"మన ఊళ్లో ఎంతమందిమి?"

"రెండు లక్షలు."

"అయితే అలాంటి బూట్లవాళ్లు రెండొందల మంది. తక్కిన నూట తొంభై తొమ్మిది మంది దొంగల్ని ఎప్పుడు పట్టుకుంటారమ్మా?"

కోడలు నవ్వబోయి ఆగిపోయింది. చేతిలోని రిపోర్టును మళ్లీ మొదటినుంచి చదివింది.

"ఇతని మీద ఇంకేం దొరికింది?"

"ఏమీ లేదు. నా మాట మీదే జైలుకు పోతాడు."

"ఇన్నేళ్లు చదివి, లెక్క నాచేత చేయిస్తున్నావా?"

"ఆ పెన్ను ఇలా ఇవ్వండి. చివరి వాక్యం కొట్టేసి, ఆ రెండొందల మంది సంగతీ రాస్తాను. ఎవరు చెప్పారని అడిగితే మా అత్తగారని చెప్తాను."

"అంత పని చెయ్యకు తల్లీ. కోడలు అత్త మాట విందంటే వెయ్యిమందిలో ఒక్కరు కూడా నమ్మరు."

అత్తగారు దారం పంటితో తెంపి కోటు అందించింది.