చెయ్యి ఊపే పని

మే పదిహేడు, నార్వే జాతీయ దినోత్సవం. ఓస్లోలో రాజభవనం ముందునించి బడిపిల్లల ఊరేగింపు సాగుతోంది. బాల్కనీలోంచి రాజుగారి కుటుంబం పిల్లలకి చేతులూపుతోంది. జనంలో నిలబడ్డ ఓ నడివయసు చెల్లెలికి, పక్కనే ఉన్న అన్న సణుగుడు వింటుంటే ఒళ్లు మండుతోంది.

"పనీపాటా లేని కుటుంబం! బాల్కనీలో నిలబడి చేతులూపడం కూడా ఓ పనేనా?"

"పొద్దుట్నించీ ఊపుతూనే ఉన్నారు కదన్నయ్యా, ఒక్క బడినీ వదలకుండా! ఏదీ, నువ్వూపు చూద్దాం. ఈ ఒక్క బడి దాటేదాకా చాలు."

"అదెంత పని!"

"చెయ్యి దించకు. ఆ మొహమేంటి, నవ్వాలి కూడా!"

"భుజం లాగేస్తోందే..."

"ఇంకా సగం మంది కూడా దాటలేదు."

"ఆగాగు! రాజుగారు ఇటే చూశారు! నాకే చెయ్యూపారు, చూశావా?"

"చూశాన్లే. ఏం చేస్తారు పాపం, పనీపాటా లేని మనిషి కదా!"