సంధ్యారాణి కుట్టు మిషను

చోడవరం ఆటోస్టాండు పక్కన అసిరమ్మ ఇడ్లీ బండి. టిఫిన్ల వేళ దాటి గిన్నెలు తోముకునే వేళ అయింది. ఆమెని అక్క వరసన అప్పా అని పిలిచే ఆటో పరదేశి అరగంటగా బల్ల మీద కూర్చుని ఉన్నాడు. తిన్నవి రెండిడ్లీలే గాని, గొంతులో అడ్డుపడుతున్నది వేరే.

"అది కాదప్పా..."

"ఏది కాదు? అరగంటగా అది కాదు, అది కాదు అంటన్నావు. ఏది అవునో అది సెప్పరా పరదేశీ."

"అదే... ఆవిణ్ణి ఓసారి అడుగుతావేటని."

"ఎవర్ని?"

"అదే, సొమ్ము గలావిణ్ణి."

"పేరెత్తకు."

"పేరు తెలిస్తే కదా ఎత్తడానికి! రెండేళ్ళగా వడ్డీ కడతన్నాను. ఆవిడ పొట్టో పొడుగో, మనూరో పొరుగూరో తెలీదు."

"తెలీకూడదు. ఇచ్చినోళ్ళెవరో పుచ్చుకున్నోళ్ళకి తెలీకూడదు. తెలిస్తే ఎదురుపడినప్పుడల్లా మొహమాటాలు, దణ్ణాలు, తరవాత ఎగ్గొట్టడాలు. మధ్యలో నేనుంటాను, నూటికి అర్ధరూపాయి నాది. ఇరవయ్యేళ్ళగా నా పద్ధతి ఇదే."

"వడ్డాదిలో ఎరువుల కొట్టాయన పెళ్ళామా?"

"నీకెందుకురా?"

"ఊరికే అడిగేనప్పా."

"ఊరికే అడక్కు. ఎంత కావాలి?"

"పదిహేను."

"పదిహేనొందలా?"

"వేలు."

"ఒరే, ఒరే! పాత నలభై వేలు అసలు అలగే కూర్చునుంది కదరా! రూపాయి తగ్గిందా?"

"అసలు తగ్గలేదు, ఒప్పుకుంటాను. వడ్డీ తప్పేనా? నూటికి మూడు రూపాయలు, నెలకి పన్నెండొందలు. ఒకటో తారీఖు తెల్లారేసరికి నీ సేతిలో పెట్టేనా లేదా? ఒక్క నెల తప్పిందేటి, సెప్పు."

"తప్పలేదు. అబద్ధమెందుకు."

"మొన్న జొరమొచ్చి నూటమూడుంటే కూడా దుప్పటి కప్పుకొని వచ్చి ఇచ్చేనా?"

"ఇచ్చేవు. ఇచ్చి నా బల్ల మీదే వాంతి సేసుకున్నావు. నాలుగు ఇడ్లీ ప్లేట్ల బేరం పోయింది."

"పరువప్పా! బయటోళ్ళ సొమ్ము. బయటోళ్ళ దగ్గర మాట పోతే ఇంకేటుంటాది మనిషికి?"

"మరి ఇంట్లోనో?"

"ఇంట్లో అంటే... ఇల్లే కదా. మా సంధ్య సర్దుకుంటాది."

"నెలకి ఎంతిస్తావు దాని సేతికి?"

"తొమ్మిది. ఓ నెల ఎనిమిది. మొన్న వానలకి బండి తిరగలేదు, ఏడున్నర."

"దాంతోటే లాగుతందా?"

"దాంతోటే! బియ్యం కార్డు మీద వస్తాయి, అది వేరు. గ్యాసు, పాలు, కరెంటు, మా అమ్మ బీపీ బిళ్ళలు, మా గుంట కాలేజీ బస్సు పాసు... సబ్బు బిళ్ళ కొంటే కత్తితో కోసి సగమే బయట పెడతాది. పేస్టు గొట్టం అప్పడాల కర్రతో నొక్కుతాది, ఆఖర్న కత్తెరతో కోసేస్తాది, ఇంకో నాలుగు రోజులు తోముకుంటాం. ఆదివారం అరకిలో కోడి తెస్తే పులుసు మంగళవారం దాకా వస్తాదప్పా. మంగళవారం ముక్కుండదు, వాసనుంటాది."

"ఒబ్బిడి మనిషి."

"ఒబ్బిడంటే ఒబ్బిడే! నెలాఖర్న గ్యాసయిపోతాది. సేతిలో సిల్లిగవ్వ ఉండదు. ఇంక కట్టెల పొయ్యే అనుకుంటానా, తెల్లారి లేచేసరికి కొత్త బండ గుమ్మంలో ఉంటాది! ఎలగే అంటే, నీకెందుకు అంటాది. ఎవరి దగ్గరా రూపాయి అప్పు సెయ్యదు. నాకు తెలుసు కదా."

"అంత మంచి మనిషికి ఈ అప్పు సంగతి సెప్పేయొచ్చు కదరా?"

"అమ్మో! సంపేస్తాది. ఆ ఆటో కొనకు మావా, ఇంజను దగ్గుతంది అని బేరం దగ్గరే మొత్తుకుంది. నేను వినలేదు. మూడో నెలకే ఇంజను పోయింది. నీ దగ్గర నలభై వేలు తెచ్చి బాగు సేయించేను. ఇంట్లో ఏటి సెప్పేనో తెలుసా? ప్లగ్గు కడిగించేను, రెండొందలయింది అన్నాను."

"నమ్మిందా?"

"నమ్మింది. ఆ రెండొందలూ దండగే అని వారం రోజులు తిట్టింది! ఇంక నలభై వేలని తెలిస్తే నా గతేటి?"

"పోనీ, దానికి డ్వాక్రా గ్రూపులో లోనొచ్చింది కదా. అడక్కపోయేవా?"

"ఆ కథ అడక్కు. రెండేళ్ళ కిందట, సరిగ్గా నా ఇంజను పోయిన వారమే, కుట్టు మిషను కొంటానని గ్రూపులో నలభై వేలు తీసింది. మిషను మా ఇంటికి రాలేదు. మనింట్లో సోటేదీ, కె.కోటపాడులో మా సెల్లి రోజా ఇంట్లో పెట్టేను అంటాది. ఆ లోను కట్టేసింది. మళ్ళీ పోయిన వారం ఇంకో లోను తీసింది. ఎందుకే అంటే రెండో మిషనుకంట! మొదటిదే నేను కంటితో సూళ్ళేదు."

"అదిస్తే సరిపోను కదరా నీకు."

"అడిగేను. గ్రూపు సొమ్ము ముట్టుకోకు, నీ సేతిలో పెట్టిన డబ్బు ఎప్పుడైనా వెనక్కొచ్చిందా అంది. ఇంకేటంటాను?"

"సరే, ఇంతకీ ఈ పదిహేను దేనికి?"

"మా ప్రవల్లిక కాలేజీ ఫీజప్పా. సోమవారం లోపు కట్టకపోతే హాల్‌టిక్కెట్టు ఇవ్వరంట. ఫీజుకని దాచిన డబ్బు మొన్న టైర్లకి పోసేసేను. గుంట నన్నేటీ అన్లేదు. అన్నం దగ్గర కూర్చుని, ముద్ద కలిపి, లేచిపోయింది. అంటే బాగుణ్ణు. అన్లేదు. నాకు రాత్రి కునుకు లేదప్పా."

"అలగా... ఉండు. ఫోన్ సేస్తాను. నువ్వటు తిరుగు."

"నేనటు తిరిగితే ఏటి, ఇటు తిరిగితే ఏటి?"

"నెంబరు కనబడతాది. తిరుగు."

"తిరిగేను."

"హలో... ఆఁ, నేనే. ఆ మనిషొచ్చేడు. అదే, మన ఒకటో తారీఖు మనిషి... పదిహేనంట... వేలే... ఆఁ... లేదు, తాగి రాలేదు, పక్కనే ఉన్నాడు, వాసనేం లేదు... కూతురి ఫీజంట. హాల్‌టిక్కెట్టు ఇవ్వరంట. పిల్ల అన్నం తిన్లేదని... హలో? హలో? ఉన్నావా, పోయేవా?... మాటాడవేటి?... ఆఁ. సరే... సరే... పట్టుకోను. పట్టుకోనన్నాను కదా తల్లీ, ఒట్టు. నా మనవడి మీదొట్టు. ఉంటాను."

"తిరగొచ్చా?"

"తిరుగు. ఇస్తానంది. నాలుగింటికి రా."

"బతికించేవప్పా! ఇంతకీ ఏటి పట్టుకోనని ఒట్టేసేవు?"

"అది వేరే లెక్క. మా లెక్కలు మాకుంటాయి. నీది సెప్తాను విను. మొదటి నెల వడ్డీ ముందే పట్టుకోమంది. పదిహేనుకి నాలుగొందల యాభై. పద్నాలుగు వేల అయిదొందల యాభై నీ సేతికొస్తాది."

"అదేటప్పా! పిల్ల సదువుకని సెప్పేవు కదా. అది విని కూడా పట్టుకోమందా?"

"ఏం సేస్తాం. సొమ్ము ఆవిడిది."

"అదేం మనిషప్పా! కఠినాత్మురాలు. పిల్లల్లేరేటి దానికి?"

"ఉన్నారు."

"మొగుడున్నాడా?"

"ఉన్నాడు."

"పాపం! ఎలగ వేగుతన్నాడో."

"పాపమేరా. పద, బేరాల వేళయింది. ఆ ఇడ్లీ డబ్బులు ఇరవై అక్కడ పెట్టి మరీ వెళ్ళు."

పొద్దు వాలేక పరదేశి ఇల్లు. సంధ్యారాణి కంచం పెట్టి పులుసు పోసింది. పరదేశి జేబులోంచి కవరు తీసి, తన సొంత కష్టార్జితం లాగా ఠీవిగా పీట పక్కన పెట్టాడు.

"ఏటిది?"

"ప్రవల్లిక ఫీజు. గుంటకి సెప్పు, సోమవారం కట్టేస్తాం, బెంగెట్టుకోవద్దని."

"ఎక్కడిది?"

"ఎక్కడిదైతే ఏటే, తండ్రన్నాక..."

"ఎక్కడిది మావా?"

"మా ఆటోస్టాండు దాసు ఇచ్చేడు. సేబదులు."

"దాసా? నిన్న మనింటికొచ్చి బీడీకట్టకి డబ్బులడిగినోడేనా?"

"వాళ్ళ మావ పొలం అమ్మేడు. బెల్లం డబ్బులొచ్చేయి."

"పొలమా, బెల్లమా?"

"రెండూను. పులుసు పొయ్యే."

"ఎప్పుడిస్తావు వాడికి తిరిగి?"

"ఒకటో తారీఖు నించి కొంచెం కొంచెం ఇచ్చేస్తాను."

"అదిగో! బయటోళ్ళనేసరికి ఒకటో తారీఖు గుర్తొచ్చేస్తాది నీకు. నేను పాల డబ్బులడిగితే రేపు. కరెంటు బిల్లు రేపు. మీ అమ్మ బిళ్ళలు కూడా రేపే. పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు, నీ రేపు ఎప్పుడొస్తాదో నేనింకా సూళ్ళేదు."

"బయటోళ్ళు గుమ్మంలోకొచ్చి అడుగుతారే. నలుగురూ వింటారు."

"నేను గుమ్మం లోపలుండి అడుగుతన్నాను. అదే నా తప్పు."

"మళ్ళీ మొదలెట్టేవా? అంత కష్టంగా ఉంటే ఆ మిషను అమ్మీ."

"మిషను జోలికి రాకు."

"రెండేళ్ళయింది, ఏ రంగో కూడా తెలీదు నాకు!"

"నలుపు."

"కె.కోటపాడు బేరానికెళ్ళినప్పుడు మీ రోజానడిగేను, మిషను సూపించమ్మా అని. నోటికి కొంగడ్డం పెట్టుకుని లోపలికి పోయింది."

"నవ్వొచ్చుంటాది."

"మిషనుకి నవ్వేటి? అసలు నడుస్తందా అది?"

"ఎందుకు నడవదు? నెలకి వెయ్యి రూపాయలు. ఒక్క నెల ఆగలేదు. జొరమొచ్చినా ఆగలేదు."

"మిషనుకి జొరమేటే?"

"రిపేరు. రిపేరొచ్చినా అంటన్నాను. అన్నం కలుపుకో. గ్యాసు బండ ఎక్కణ్ణించొస్తందని ఆశ్చర్యపోతావు కదా, దాంతోనే."

"అయితే మంచి మిషనే."

"మంచిదే. ఇంట్లో పెడితే పన్జెయ్యదు. మధ్యలో ఇంకో సెయ్యి ఉంటే గాని తిరగదు. ఏదీ, ఆ కవరిలా ఇయ్యి, లెక్కెడతాను."

"లెక్కెందుకే? దాసు లెక్కెట్టే ఇచ్చేడు."

"పదేడు, పద్దెనిమిది... ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది. అయిదొందల నోట్లు ఇరవై తొమ్మిది, ఒక యాభై. పద్నాలుగు వేల అయిదొందల యాభై."

"ఆఁ, ఆ మిగిలింది రేపు నేను..."

"రేపు."

"డీజిలు కొట్టించేనే. దార్లో ఆగిపోతే ఏటి సేస్తాను మరి?"

"నాలుగొందల యాభై తక్కువుంది."

"అదే డీజిలు అంటన్నాను కదా."

"పదిహేను వేలు... నూటికి మూడు... నాలుగొందల యాభై."

"ఏటే గొణుగుతన్నావు?"

"దాని దుంపతెగ! పిల్ల ఫీజే అసిరమ్మా, దీనికి ముందు వడ్డీ పట్టుకోకే అని ఫోన్లో బతిమాలి బతిమాలి సెప్పేను కదా! మనవడి మీద ఒట్టు కూడా వేసింది ముసిల్ది!"

"సంధ్యా."

"తిను."

"ఫోన్లో ఎవరికి సెప్పేవు?"

"పులుసు సల్లారిపోతంది మావా."

"ఆ సొమ్ము గలావిడ..."

"కఠినాత్మురాలు అన్నావట. మూడింటికి డబ్బివ్వడానికెళ్తే అసిరమ్మ సెప్పింది. దాని మొగుడు పాపం అని జాలి కూడా పడ్డావట."

"అంటే... ఆ ఇంజను..."

"ప్లగ్గు. రెండొందలు. నువ్వే సెప్పేవు."

"రెండేళ్ళు! రెండేళ్ళగా నా సేత వడ్డీ కట్టించేవేటే! సొంత మొగుడి సేత!"

"అడిగితే ఇచ్చేవా? ఇంజను పోయిన రోజే అసిరమ్మ వచ్చి సెప్పింది, మీ ఆయన అప్పు కోసం తిరుగుతన్నాడని. లోను డబ్బు నా సేతిలో ఉంది. నీ సేతికే ఇచ్చేద్దునేమో. ఇస్తే మళ్ళీ నేను సూసేదాన్నా ఆ డబ్బు? బయటోళ్ళదంటేనే కదా నీకు భయం. అందుకని బయటిదాన్నయ్యేను. ఇయ్యాళ గుంట అన్నం తిన్లేదని నువ్వు దానితో సెప్పుకున్నావంటే, ఫోను సెవి దగ్గర పెట్టుకుని మాట రాలేదు నాకు. నాతో సెప్పుకోవచ్చు కదా ఆ మాట. సరే, ఆ నాలుగొందల యాభై పొద్దున్నే దాని ఇడ్లీ బండి దగ్గర నిలబడి వసూలు సేస్తాను. సోమవారం నువ్వే వెళ్ళి ఫీజు కట్టు. ఏటి, ముద్ద అలగే పట్టుకున్నావు?"

"మరి నీ కుట్టు మిషనేదే?"

"నా ఎదురుగుండా కూర్చుని పులుసన్నం తింటంది."