పెద్ద హీరో నడక

బస్ డిపో ఎదుట టీ కొట్టులో మైకు బాబాయ్ గొంతు సవరించుకున్నాడంటే కొట్టాయన స్టవ్ మంట తగ్గించేసేవాడు. ఇక కాసేపు ఎవరి గ్లాసూ ఖాళీ కాదని ఆయనకి తెలుసు. బాబాయ్ ఒకప్పుడు స్టేజీల మీద సినిమావాళ్ళని ఏకిపారేసి నవ్వించిన మనిషి. కొన్నేళ్ళుగా ఇంటిపట్టునే ఉన్నాడు. ఇల్లు భార్య కుట్టుమిషను మీద నడుస్తోంది.

ఆ పొద్దున పక్కన బావమరిది కూర్చున్నాడు. కార్ల డ్రైవరు. డిపోలో బస్సుల వేళలు మైకులో చెప్పే ఉద్యోగం ఉందంటే, ఆఫీసరుతో మాట్లాడి, బావని వెంటబెట్టుకెళ్ళడానికి వచ్చాడు.

“నేనా? బస్సు నంబర్లు చదవాలా?” అన్నాడు బాబాయ్, అందరికీ వినబడేలా. “నేనెవరో వీడికి చెప్పండ్రా!”

“నువ్వే చెప్పు బాబాయ్,” అన్నాడు పంక్చర్లు వేసేవాడు.

“ఏదో కాలేజీ ఫంక్షన్. పెద్ద హీరో నడక చేసి చూపించా. బిగుతు బూట్లేసుకున్న బాతులా, ఇదిగో ఇలా. హాలు హాలంతా పొట్ట పట్టుకుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ముందు వరసలో వాడే ఉన్నాడు!”

“ఎవరూ, హీరోనేనా?”

“మరి! మొహం మాడిపోయింది. మర్నాడు షూటింగులో అడుగేద్దామంటే నా బాతే గుర్తొస్తోందట, కాలు కదలదు. డైరెక్టరు లబోదిబోమన్నాడు. డాక్టర్లొచ్చి మోకాళ్ళు తట్టారు, ఫోటోలు తీశారు, ఎముకలన్నీ ఉన్నాయి, నడకే పోయిందని తేల్చారు. చివరికి చక్రాల కుర్చీలో మా ఇంటికొచ్చాడు. వీధి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా కార్లే. నా కాళ్ళు పట్టుకుని ‘గురువుగారూ, నా నడక నాకిచ్చెయ్యండి’ అని భోరుమన్నాడు. చెయ్యి పట్టుకుని వరండాలో నడిపించా, చంటిపిల్లాడికి నేర్పినట్టు. ఇప్పటికీ తెర మీద మొహం వాడిది, నడక నాది!”

“మరి గురుదక్షిణ ఏమిచ్చాడు?” అన్నాడు కొట్టాయన.

బాబాయ్ మొహంలో నవ్వు చచ్చిపోయింది. “స్టేజీలన్నీ మూయించాడు. నేను మైకు పట్టుకుంటే వాడి గుట్టు రట్టవుతుందని. డిపో మైకు పట్టుకున్నా ఊరుకోడు. ఒరే బామ్మర్దీ, కావాలంటే మీ అక్కనడుగు, ఆవిడ చేతి టీ తాగే వెళ్ళాడు.”

బావమరిది గ్లాసు కింద పెట్టాడు.

“చూపు సరిగ్గా ఆనక అక్క నిన్న వేలు మీదే కుట్టేసుకుంది బావా. తనని సాక్ష్యానికి పిలవకు. నీకెప్పుడూ చెప్పలేదు గానీ, కొన్నాళ్ళు ఆ హీరో కారు నేనే నడిపాను. మా బావ అని గొప్పగా చెప్పుకుందామని ఒకసారి ఫోన్లో నీ వీడియో చూపించా. ఆ కాలేజీదే. చివరిదాకా చూశాడు. పగలబడి నవ్వాడు. నవ్వి, ‘భలే చేస్తున్నాడోయ్, ఇంతకీ ఎవర్ని?’ అని అడిగాడు.”

కొట్టాయన స్టవ్ మంట పెంచాడు.

“నిన్నెవరూ ఆపలేదు బావా. అదే బాతుని చూసీ చూసీ జనానికే విసుగొచ్చింది.”

బాబాయ్ కొట్టాయన వైపు చూశాడు, పంక్చర్లవాడి వైపు చూశాడు. ఇద్దరూ తలలు దించుకున్నారు. ఇన్నేళ్ళూ తనమీద పగబట్టి కూర్చున్న మనిషొకడు ఉన్నాడన్న ధైర్యంతోనే పొద్దున్నే లేచేవాడు. ఆ పగ కూడా లేదు.

“నవ్వాడా?” అన్నాడు చివరికి.

“నవ్వాడు.”

“ఎక్కడ? నా బాతు మెట్లెక్కే చోటా, అద్దంలో చూసుకునే చోటా?”

“గుర్తులేదు బావా. లే, ఆఫీసరు వెళ్ళిపోతాడు.”

బాబాయ్ లేవలేదు. బావమరిది చొక్కా చెయ్యి పట్టుకున్నాడు.

“కాస్త గుర్తుచేసుకోరా,” అన్నాడు. “ఏదో ఒక చోటే కదా నవ్వుంటాడు.”