పడుతుందన్నవాడు

మిట్టమధ్యాహ్నం, కంప్యూటర్లు బాగుచేసే కొట్టు. బల్లకు లోపలివైపు మెకానిక్కు, బయటివైపు పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఆయన.

“ముందు ఆ డబ్బా మీది రక్తం తుడవండి. తర్వాత ముట్టుకుంటాను.”

“రక్తం కాదు.”

“ఇరవై ఏళ్లుగా ఈ డబ్బాలే విప్పుతున్నాను సార్. తుప్పేదో రక్తమేదో తెలుసు.”

“నా చెయ్యి తెగింది. చాలా? ఇదిగో, తుడిచాను. విప్పు.”

“మీ చేతికి గాటేం కనబడట్లేదే.”

“నువ్వు మెకానిక్కువా, డాక్టరువా? ఈ చుట్టుపక్కల పని తెలిసినవాడివి నువ్వొక్కడివే అన్నారని వచ్చాను. విప్పు.”

“విప్పుతాను, విప్పుతాను. ఆ కెమెరా స్టాండు కాస్త బల్ల మీంచి తీయండి. దీనికి మూడు కాళ్లుండాలే, ఒకటి విరిగినట్టుంది.”

“విరిగింది.”

“ఎలా?”

“విరిగిందన్నానుగా. నువ్వు చూడాల్సింది ఇది. కొత్త గ్రాఫిక్స్ కార్డు. నిన్న పెట్టాం, స్విచ్చేసింది మాత్రం ఈ పొద్దునే. ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, స్క్రీను మాత్రం నల్లగా ఉంటుంది. కార్డు చచ్చింది. ఆ ముక్క కాగితం మీద రాసి, నీ షాపు ముద్ర కొట్టి ఇవ్వు. అంతే పని.”

“చూడకుండా ఎలా రాస్తాను?”

“చూడు మరి. చూసి రాయి.”

“కాగితం ఎవరికి?”

“సాయంత్రం స్టేషన్‌కి రమ్మన్నారు, అక్కడ ఇవ్వాలి.”

“పోలీస్ స్టేషన్లోనా?”

“రైల్వే స్టేషన్లో గ్రాఫిక్స్ కార్డుల గురించి అడుగుతారా?”

“అసలేం జరిగిందో చెబితే కదా సార్—”

“ముందు నీ ఫోను చూసుకో. ఇందాకట్నుంచి ఒకటే కుయ్ కుయ్.”

“ఏముంది, బేరాలే. బోర్డు ఫోటో ఒకటి, కార్డు ఫోటో ఒకటి పంపుతారు. ఈ కార్డు ఈ బోర్డుకి పడుతుందా పడదా అని అడుగుతారు. రోజుకి నలభై మంది. అన్నం తింటూనే జవాబులు కొడుతుంటాను. మీ సంగతి చెప్పండి.”

“కార్డు మా తమ్ముడు తెచ్చాడు. నాకు కానుకట. ‘అన్నయ్యా, నీ పాత కార్డు మూలుగుతోంది, ఇది పెడితే రెండ్రోజుల పని రెండు గంటల్లో తేలిపోతుంది’ అన్నాడు. పాతది పీకి, నిన్ననే పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు కూడా. పొద్దున పదింటికి పెళ్లివాళ్లు వీడియో కోసం వచ్చి కూర్చున్నారు. నల్ల స్క్రీను. పెళ్లికూతురి తండ్రి అందరి ముందూ నన్ను...”

“ఏమన్నాడు?”

“అది వదిలెయ్. వాళ్లు వెళ్లాక వీడు నవ్వాడు.”

“తమ్ముడా?”

“‘ఏం కాదులే అన్నయ్యా’ అని నవ్వాడు. చిన్నప్పట్నుంచీ అంతే. పాడుచేస్తాడు, నవ్వుతాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చచ్చిన కార్డు అంటగట్టి, నా పొట్ట కొట్టి, పైగా నవ్వుతాడా అని...”

“అని?”

“స్టాండు చేతికందింది.”

“ఒక్క దెబ్బేనా?”

“కాలు విరిగేదాకా.”

“తమ్ముడి కాలా?”

“స్టాండు కాలు. ఎన్ని దెబ్బలో నేను చూసుకోలేదు. తల మీద, వీపు మీద, ఎక్కడ తగిలితే అక్కడ. వాడు ఈ డబ్బా మీద పడ్డాడు. పడి, దీన్ని గట్టిగా కావలించుకున్నాడు.”

“ఎందుకు?”

“దెబ్బ దీనికి తగలకూడదని. నా పని దీంట్లోనే ఉంది కదా.”

“ఇప్పుడెక్కడున్నాడు?”

“ఆసుపత్రిలో. మా ఆవిడ దగ్గరుంది. తెలివి రాలేదింకా. చూడు, కార్డు చచ్చిందంటే నా కోపానికి ఒక కారణమంటూ ఉంటుంది. లేకపోతే నేనేమవుతాను? ఊరికే తమ్ముణ్ణి గొడ్డును బాదినట్టు బాదినవాణ్ణవుతాను. అందుకే రాసివ్వమంటున్నా.”

“ఉండండి. కార్డు తీసి నా మెషీన్లో పెడతాను. నాది కొత్త బోర్డు.”

“పెట్టు.”

“కూర్చుంది. స్క్రీను వైరు కూడా పెట్టాను. స్విచ్చేస్తున్నా.”

“రాదు. చచ్చింది.”

“వచ్చింది సార్.”

“ఏం వచ్చింది?”

“బొమ్మ. మీరే చూడండి. కార్డు నిక్షేపంగా ఉంది.”

“ఆపి మళ్లీ వెయ్యి.”

“వేశాను. మళ్లీ వచ్చింది.”

“మళ్లీ వెయ్యి.”

“వందసార్లు వేసినా వస్తుంది. తప్పు కార్డుది కాదు. మీ బోర్డు పాతది.”

“పాతదైతే ఏం? సందులో చక్కగా కూర్చుంది కదా.”

“కూర్చుంటుంది. సందు అప్పుడూ ఇప్పుడూ ఒకటే కొలత. కానీ బోర్డు మీద చిన్న చిప్పు ఒకటుంటుంది. మెషీను లేవగానే లోపల ఎవరెవరున్నారో చూసుకునేది అదే. మీ చిప్పులో ఉన్నది పన్నెండేళ్ల నాటి ప్రోగ్రాం. ఇలాంటి కార్డు ఒకటి పుడుతుందని దానికి తెలియదు. గుర్తుపట్టదు. కరెంటు అందుతుంది కాబట్టి ఫ్యాన్లు తిరుగుతాయి. బొమ్మ రాదు.”

“అయితే ఇక ఎప్పటికీ రాదా?”

“వస్తుంది. ఆ చిప్పులోకి కొత్త ప్రోగ్రాం ఎక్కించాలి. పాత కార్డు తీయకముందే ఎక్కించుకుంటే అరగంట పని.”

“అరగంట.”

“అంతే.”

“అయితే మా వాడు నన్ను మోసం చెయ్యలేదు.”

“లేదు సార్.”

“షట్టరు దించుతున్నా.”

“ఎందుకు?”

“నా ఏడుపు వీధిలోవాళ్లు చూడక్కర్లేదు.”

“కూర్చోండి. మంచినీళ్లు తాగండి.”

“నీళ్లొద్దు. కాగితం రాయి. చచ్చిందనే రాయి.”

“రాయలేను.”

“స్టాండు విరిగిన కాలు నా చేతిలోనే ఉంది, చూసుకో.”

“కొడితే కొట్టండి. బతికున్న కార్డును చచ్చిందని రాసి నా ముద్ర కొట్టను. ఇన్నేళ్లలో ఒక్క అబద్ధపు కాగితం ఇవ్వలేదు.”

“ఆగు, నా ఫోను. ఆఁ, చెప్పు... లేచాడా? ఏమన్నాడు?... పోలీసులు అక్కడికే వచ్చారా?... మెట్ల మీంచి జారానన్నాడా?... ఇంకా?... ఇంకోసారి చెప్పు... సరే. వస్తున్నా.”

“ఎలా ఉందట?”

“కుడికన్ను పోయిందట. నా పేరు చెప్పలేదు. మెట్ల మీంచి జారానన్నాడు. మిగిలిన కంటితో మా ఆవిడ వంక చూసి, ‘వదినా, అన్నయ్యకి స్క్రీను వచ్చిందా’ అని అడిగాడట.”

“అయ్యో.”

“వాడు తొందరపాటు మనిషి కాదు తెలుసా? ఈ విషయంలో మాత్రం కాదు. పెట్టేముందు ఎవర్నో అడిగాడు. నా ఎదురుగానే బోర్డు ఫోటో తీసి పంపాడు. ‘బాగా తెలిసినాయన అన్నయ్యా, ఒక్క నిమిషంలో జవాబిచ్చాడు, పడుతుందట’ అని మురిసిపోయాడు.”

“ఎప్పుడు పంపాడు?”

“నిన్న, భోజనాల వేళ. ఎందుకు?”

“ఊరికే అడిగాను. ఫోటో మసగ్గా వచ్చి ఉంటుంది. బోర్డు నంబరు కనబడి ఉండదు.”

“నంబరు పక్కన వేలు పెట్టి చూపిస్తూ మరీ తీశాడు. మొన్న కూరలు తరుగుతుంటే తెగిన వేలు, దానికి నీలం పట్టీ.”

“నీలం పట్టీ.”

“నువ్వు ఫోను బోర్లా పెట్టావెందుకు?”

“మోత ఆపాను సార్. మీరు బాధలో ఉంటే కుయ్ కుయ్ మంటుంటే బావుండదని.”

“ఒక్క నిమిషం ఆ ఫోటో వంక సరిగ్గా చూసి, ‘బాబూ, ఇది పాత బోర్డు, ముందు ఫలానా పని చేసుకో’ అని ఉంటే వాడి కన్ను వాడికుండేది. ఎవడో వాడు, చేతికి దొరికితే...”

“కొట్టింది మీరు సార్.”

“తెలుసు. నేనే. నా సంగతి సాయంత్రం స్టేషన్లో తేలుతుంది, నేనే చెప్పుకుంటా. అంతకుముందు ఆ జవాబిచ్చినవాడి సంగతి తేలాలి.”

“అదంతా ఎందుకు సార్. కాగితం రాసిచ్చేస్తాను. కార్డు చచ్చిందని రాస్తాను, ముద్ర కూడా కొడతాను. పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.”

“ఇందాక కొట్టినా రాయనన్నావు.”

“మీ తమ్ముడి మాట వింటే మనసు కరిగింది.”

“కరిగితే షట్టరు వైపు చూస్తావేం?”

“గాలి ఆడట్లేదు. షట్టరెత్తండి.”

“ఎత్తుతా. ఇదిగో, ఈ కార్డు వచ్చిన అట్టపెట్టె మీద మా వాడి చేతిరాతలో ఒక నంబరుంది. కింద ‘పడుతుందన్నారు’ అని రాసుకున్నాడు. ఆ నంబరుకి ఒక్కసారి ఫోను చేసి ఎత్తుతా.”

“వద్దు సార్. తర్వాత చేద్దురుగాని.”

“చేశాను. అవతల మోగుతోంది.”

“సార్, నా మాట వినండి—”

“మోత ఆపానన్నావు సరే. బల్ల మీద నీ ఫోనెందుకు అలా వణుకుతోంది?”